మా ఆయన ‘యాపిల్ టైపు’ అట, మా బాబు ఎవరి పోలిక?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పదమూడేళ్లుగా యోకోహామాలో ఉంటున్నాను. మా వారు జపాన్ ఆయనే. వయసు 42, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. మొన్న ఆఫీసు హెల్త్ చెకప్‌లో నడుము 88 సెంటీమీటర్లు వచ్చిందని ‘మెటాబో’ (పొట్ట కొవ్వు వల్ల జబ్బుల ముప్పుందని అర్థం) అని రాసిచ్చారు. ఆయన దాన్ని పక్కన పడేసి, ఇంటికి ఒక జన్యు పరీక్ష కిట్టు తెప్పించుకుని, బుగ్గ లోపల పుల్లతో రుద్ది పంపారు. ‘మీది యాపిల్ టైపు’ అని వచ్చింది. అప్పట్నుంచి ‘నా జన్యువుల్లోనే ఉంది, నేనేం చేసేది’ అంటున్నారు. మా బాబుకి తొమ్మిదేళ్లు. 132 సెంటీమీటర్లు, 36 కిలోలు. ఉండాల్సిన దానికంటే 23 శాతం ఎక్కువని స్కూలు నుంచి కాగితం వచ్చింది. పుట్టినప్పుడు మాత్రం 2.4 కిలోలే. నేను కడుపుతో ఉన్నప్పుడు బరువు పెరిగితే అక్కడి డాక్టరు కోప్పడేవారు. అత్తగారేమో ‘మా వైపు లావు వాళ్లెవరూ లేరు, ఇది ఇండియా పోలికే’ అంటారు. మా అమ్మేమో వీడియో కాల్‌లో ‘బొద్దుగా ముద్దొస్తున్నాడే, దిష్టి తియ్యి’ అంటుంది. జపాన్ వాళ్లకి లావెక్కని జన్యువులు ఉంటాయన్నది నిజమేనా? బాబుకి కూడా ఆ పరీక్ష చేయించమంటారా?

జవాబు: అమ్మా, ముందు ఆ యాపిల్ సంగతి చూద్దాం. మీ ఇంట్లో చిక్కుముడి పడింది అక్కడే.

ఆ కిట్లు ముఖ్యంగా చూసేది మూడు జన్యువుల్ని. బీటా-3 గ్రాహకం జన్యువులో మార్పుంటే యాపిల్, అంటే పొట్ట దగ్గర లావు. యూసీపీ1లో ఉంటే పియర్ పండు, అంటే తుంటి, తొడలు. బీటా-2లో ఉంటే అరటిపండు, అంటే సన్నగా ఉండే రకం. పళ్లబుట్ట చూడ్డానికి బాగుంది. వెనకున్న సైన్సు పూర్తిగా కట్టుకథా కాదు. కొవ్వు కణం గోడ మీద ఈ బీటా-3 గ్రాహకం కాలింగ్ బెల్ లాంటిది. అడ్రినలిన్ జాతి హార్మోన్లు వచ్చి బెల్లు నొక్కితే, కణం దాచుకున్న కొవ్వులో కొంత బయటికి వదులుతుంది. కొందరిలో ఆ ప్రొటీన్‌లో 64వ అమైనో ఆమ్లం మారిపోయి, బెల్లు కాస్త నీరసంగా మోగుతుంది. 1995లో ఈ మార్పు మీద పరిశోధనలు వరసగా వచ్చాయి. జపాన్‌లో లావుగా ఉన్న కొందరు ఆడవాళ్లని పరీక్షిస్తే, ఈ మార్పున్న వాళ్ల ఒంట్లో విశ్రాంతి సమయపు ఖర్చు రోజుకి 200 కేలరీల దాకా తక్కువని తేలింది. కిట్ల ప్రచారంలో ఆ 200 అంకె ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ తర్వాత వేలమందిని కలిపి లెక్కగడితే తూర్పు ఆసియా వాళ్లలో మిగిలిన తేడా బీఎంఐలో (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే లెక్క) సుమారు 0.3. మీ వారి ఎత్తుకి అది కిలో కూడా కాదు.

పైగా ఆ మార్పు జపాన్‌లో అరుదేమీ కాదు. దాదాపు ముగ్గురిలో ఒకరికి ఉంటుంది. పొద్దున మీ వారు ఎక్కే రైలు పెట్టెలో మూడో వంతు మంది యాపిల్‌లే. వాళ్లందరి నడుమూ 88 కాదు కదా! ఆయన బీఎంఐ 26.2. జపాన్ లెక్కలో 25 దాటితేనే ఊబకాయం. 25కి దిగాలంటే మూడున్నర కిలోలు తగ్గాలి. అందులో ఒక కిలో యాపిల్ ఖాతాలో రాసుకోమనండి. మిగిలిన రెండున్నర ఎవరి ఖాతాలో రాస్తారో ఆయన్నే అడగండి.

అలాగని జన్యువులకి సంబంధం లేదని నేననను. చాలా ఉంది. కవల పిల్లల మీద చేసిన అధ్యయనాలన్నీ చూస్తే, ఒకే సమాజంలో మనిషికీ మనిషికీ మధ్య బరువు తేడాల్లో దాదాపు సగం, కొన్నిట్లో అంతకంటే ఎక్కువే, వారసత్వం వల్ల వచ్చినవని కనిపిస్తుంది. నాకు దీనికంటే గట్టిగా తోచే ఉదాహరణ కొరియా పిల్లలది. 1960ల నుంచి 80ల దాకా చాలామంది కొరియా పసిపిల్లలు అమెరికా కుటుంబాలకి దత్తు వెళ్లారు. ఏ బిడ్డ ఏ ఇంటికి వెళ్లాలన్నది దాదాపు వరస ప్రకారం తేలేది, ఏరి చూసి ఇచ్చింది కాదు. బ్రూస్ సాసర్‌డోట్ అనే ఆర్థిక శాస్త్రవేత్త ఆ పిల్లలు పెద్దయ్యాక లెక్కలు తీసి 2007లో అచ్చువేశారు. ఆ అమెరికా తల్లి లావుగా ఉంటే ఆమె కన్నబిడ్డలు కూడా లావుగా ఉండే వీలు ఎక్కువ. అదే వంటింట్లో, అదే బల్ల దగ్గర తిని పెరిగిన కొరియా బిడ్డ మీద మాత్రం తల్లి లావు ప్రభావం దాదాపు లేదు. తాగుడు అలవాటు పెంచిన ఇంటి నుంచి అంటుకుంది కానీ, ఒళ్లు అంటుకోలేదు. కాబట్టి ‘పెంపకం సరిగా లేదు, అందుకే పిల్లాడు లావయ్యాడు’ అని ఎవరైనా మిమ్మల్ని అంటే సగం చెవితో కూడా వినకండి.

అయితే ఆ వారసత్వం ఒక్క జన్యువులో, ఒక్క పండులో కూర్చుని ఉండదు. 2017లో జపాన్ శాస్త్రవేత్తలు లక్షా యాభై ఎనిమిది వేల మందికి పైగా జపనీయుల డీఎన్‌ఏ వెతికితే బరువుతో ముడిపడ్డ చోట్లు ఎనభైకి పైగా బయటపడ్డాయి. యూరప్ వాళ్ల లెక్కలు కూడా కలిపితే ఇంకా పెరిగాయి. ఒక్కో చోటు చేసేది కొన్ని వందల గ్రాముల తేడా. వీటిలో అందరికంటే పెద్దన్న ఎఫ్‌టీఓ. దీని పేరు వెనక ఒక తమాషా ఉంది. ఎలుకల్లో మొదట కనిపెట్టినప్పుడు, జన్యువు సైజు పెద్దదని దానికి ‘ఫ్యాట్సో’ అని ముద్దుపేరు పెట్టారు. అంటే ‘లావుగాడు’. అప్పటికి దానికీ లావుకీ సంబంధం ఉందని ఎవరికీ తెలియదు! 2007లో తెలిసింది. ఈ జన్యువులోని ఒక మార్పు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు నకళ్లూ వస్తే మనిషి సగటున మూడు కిలోలు ఎక్కువ తూగుతాడు. ఆకలి కాస్త ఎక్కువ, ‘చాలు’ అనిపించడం కాస్త ఆలస్యం.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి వద్దాం. ఈ ఎఫ్‌టీఓ మార్పు యూరప్ వాళ్ల డీఎన్‌ఏలో నూటికి నలభై పైచిలుకు నకళ్లలో కనిపిస్తుంది. చైనా, జపాన్, కొరియాల్లో పన్నెండు నుంచి ఇరవై మధ్యే. ‘చూశారా, మాకు సన్నపు జన్యువులున్నాయి’ అనే వాళ్లకి దొరికే మంచి ఆధారం ఇదే. కానీ లెక్క వేసి చూస్తే, అంత తేడా వల్లా రెండు జనాభాల సగటు బరువులో వచ్చే వ్యత్యాసం ఒక కిలో చిల్లరకి మించదు. అమెరికాలో పెద్దవాళ్లలో నూటికి నలభై మంది బీఎంఐ 30 దాటి ఉంటే, జపాన్‌లో నలుగురైదుగురే. అంత పెద్ద అగాధాన్ని ఆ కిలో పూడ్చలేదు.

దీనికి సాక్ష్యం కోసం ప్రయోగశాలకి వెళ్లక్కర్లేదు, ఓడ ఎక్కితే చాలు. 1965లో మొదలైన ఒక పెద్ద అధ్యయనంలో హిరోషిమా, నాగసాకిల్లోని జపాన్ మగవాళ్లనీ, హొనొలులుకి వలసపోయిన కుటుంబాల వాళ్లనీ, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో స్థిరపడ్డ వాళ్లనీ పక్కపక్కన పెట్టి చూశారు. అందరిదీ ఒకే రక్తం. హవాయి వాళ్లు జపాన్ వాళ్లకంటే బరువు, కాలిఫోర్నియా వాళ్లు అంతకంటే బరువు. చివరి వాళ్లకీ మొదటి వాళ్లకీ సుమారు పది కిలోల తేడా. గుండెజబ్బులు కూడా అదే వరసలో పెరిగాయి.

సముద్రం దాటకుండానే జరిగిన కథ ఒకినావాది. నూరేళ్లు బతికే వాళ్ల దీవి అని మన టీవీల్లో ఊదరగొట్టేది దాని గురించే. యుద్ధం తర్వాత 1972 దాకా అమెరికా పాలనలో ఉన్న ఆ దీవికి డబ్బా మాంసం, బర్గర్లు, కార్లు మిగతా జపాన్ కంటే ముందే వచ్చాయి. 1995లో మగవాళ్ల ఆయుర్దాయంలో దేశంలో నాలుగో స్థానంలో ఉన్న ఒకినావా, 2000 నాటికి 26వ స్థానానికి జారింది. జపాన్‌లో దాన్ని ‘26 షాక్’ అనే పిలుస్తారు, మీ వారికి తెలిసే ఉంటుంది. తాతలు చిలగడదుంప తిని తొంభై దాటారు, మనవలు నలభైల్లో బొజ్జతో ఆసుపత్రికొచ్చారు. అటు చైనాలో, 2020 నాటి ప్రభుత్వ నివేదిక ప్రకారం, వాళ్ల కొలమానంలో సగానికి పైగా పెద్దవాళ్లు అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్లు. ముప్పై నలభై ఏళ్లలో ఒక దేశం జన్యువులు మారవమ్మా.

అందుకని ‘లావెక్కని జాతి’ అన్నమాట వదిలేయండి. తూర్పు ఆసియా వాళ్ల అసలు ప్రత్యేకత ఎంత లావెక్కుతారన్న దాంట్లో కంటే, ఆ కొవ్వు ఎక్కడికి చేరుతుందన్న దాంట్లో ఉంది. దీన్ని మీకు మన ఊరి భాషలో చెబుతాను.

మీ తాతగారింట్లో వడ్ల గాదె ఉండేది కదా. పంట ఇంటికొస్తే ముందు గాదెలో పోస్తారు. గాదె పెద్దదైతే ఎంతొచ్చినా ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. గాదె చిన్నదైతే? నాలుగు బస్తాలు ఎక్కువ రాగానే వసారాలోకి, ఆ తర్వాత నడవలోకి, చివరికి వంటింట్లో పొయ్యి పక్కకి చేరతాయి. మనిషికి చర్మం కింద ఉండే కొవ్వు పొర ఆ గాదె. అది నిండాక మిగిలింది పేగుల చుట్టూ, కాలేయంలో, క్లోమంలో సర్దుకుంటుంది. సగటున చూస్తే యూరప్ వాళ్ల గాదె పెద్దది, తూర్పు ఆసియా వాళ్లది చిన్నది. దానికి తోడు ఇన్సులిన్ తయారుచేసే శక్తి కూడా వాళ్లలో తక్కువ. అందుకే జపాన్‌లో టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల సగటు బీఎంఐ 24-25 దగ్గరే ఉంటుంది. అమెరికా డాక్టరు చూస్తే ‘నీకేం, సన్నగా ఉన్నావు’ అనే మనుషులు వాళ్లు.

సుమో మల్లయోధులు దీనికి తిరగేసిన ఉదాహరణ. నూట యాభై కిలోల మనిషి కదా, లోపల అంతా కొవ్వే అనుకుంటాం. ఒసాకా విశ్వవిద్యాలయంలో డాక్టర్ మత్సుజావా బృందం 1980లలో సీటీ స్కాన్‌తో కడుపు లోపలి కొవ్వును కొలవడం మొదలుపెట్టింది. రోజూ గంటల తరబడి సాధన చేసే యోధుల కొవ్వు ఎక్కువగా చర్మం కిందే ఉంటుందని, లోపల తక్కువని తేలింది. ఆట మానేసి, తిండి మానకపోతే కథ మారుతుంది. అలాంటి స్కాన్ల నుంచి పుట్టిందే మీ వారి నడుము దాటిన 85 సెంటీమీటర్ల గీత. బొడ్డు దగ్గర లోపలి కొవ్వు వంద చదరపు సెంటీమీటర్లు దాటడానికి మగవాళ్లలో సరిపోయే నడుము కొలత అది. ఆడవాళ్లకి 90 పెట్టారు. 2008 నుంచి 40-74 ఏళ్ల వాళ్లందరికీ ఏటా ఆ టేపు చుడుతున్నారు. (నడుము దాటితే జపాన్‌లో జైలంటూ మన వాట్సాప్‌లలో తిరిగేది శుద్ధ అబద్ధం. మనిషికి జరిమానా కూడా లేదు, భారం పడితే బీమా సంస్థల మీద పడుతుంది.) ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూడా 2004లో, ఆసియా వాళ్ల విషయంలో బీఎంఐ 23 దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలనీ, 27.5 దాటితే ముప్పు ఎక్కువనీ చెప్పారు. అంటే మీ వారి 26ని అమెరికా 26లా చదవకూడదు.

అత్తగారి మాటకొస్తే, ఆవిడ తప్పూ కాదు, ఒప్పూ కాదు. ఇండియా వాళ్ల గాదె కూడా చిన్నదే. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేయించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! నా క్లినిక్‌కి వారంలో ఇద్దరు ముగ్గురైనా అలాంటి వాళ్లొస్తారు. పుల్లల్లాంటి చేతులు, చొక్కా బొత్తాల మధ్య తొంగిచూసే పొట్ట, చేతిలో షుగర్ రిపోర్టు, ‘నేను సన్నమే కదండీ’ అనే ప్రశ్న. కాబట్టి మీ బాబుకి రెండు వైపుల నుంచీ చిన్న గాదెలే వచ్చి ఉండొచ్చు. అమ్మమ్మ, నాయనమ్మ ఒకరి మీద ఒకరు నెట్టుకోవాల్సిన పని లేదు.

మీరు ఏదో జ్ఞాపకంగా రాసిన 2.4 కిలోల దగ్గర నేను కాసేపు ఆగాను. జపాన్‌లో పుట్టే పిల్లల్లో తొమ్మిది శాతానికి పైగా రెండున్నర కిలోల లోపే ఉంటారు. అంత సంపన్న దేశానికి ఇది చాలా ఎక్కువ. అక్కడి యువతుల సన్నదనం ఒక కారణమైతే, గర్భిణుల బరువు పెరగకుండా ఏళ్ల తరబడి కట్టడి చేయడం ఇంకొకటి. 2021లో ఆ సలహా సడలించి, మామూలు బరువున్న తల్లి 10 నుంచి 13 కిలోలు పెరగొచ్చని మార్చారు. కడుపులో తిండి కరువు చూసిన బిడ్డ ఒళ్లు, బయటికొచ్చాక దొరికింది దొరికినట్టు దాచుకునే వైపు మొగ్గుతుంది. పుట్టినప్పుడు చిన్నగా ఉండి ఆ తర్వాత త్వరగా బరువెక్కిన పిల్లల్లో షుగర్ ముప్పు సూచనలు ఎక్కువని పుణెలోనూ చూశారు. ఇది జన్యువు కాదు, జన్యువులాగే పుట్టుకతో వస్తుంది కనుక అలా కనిపిస్తుంది. మీ బాబు విషయంలో ఇదే జరిగిందని నేను ఇక్కడి నుంచి చెప్పలేను. ఒకవేళ జరిగినా, మీరు డాక్టరు చెప్పిన మాట విన్నారు. అందులో మీ తప్పు వెతుక్కోకండి.

బాబుకి పరీక్ష మాత్రం వద్దు. ఆ కిట్టు వాడి గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు, వాడికి మాత్రం ఒక పేరు తగిలిస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లాడికి ‘నువ్వు యాపిల్’ అంటే నలభై రెండేళ్ల నాన్న దాన్నెలా వాడుకుంటున్నాడో వాడు చూస్తూనే ఉన్నాడు కదా. నిజంగా జన్యు పరీక్ష కావాల్సిన పిల్లలు వేరే ఉంటారు. అయిదేళ్లు నిండకముందే విపరీతంగా బరువెక్కడం, తిన్నాక కూడా తీరని ఆకలి, రాత్రిళ్లు లేచి తిండి వెతుక్కోవడం, తోటివాళ్లకంటే పొట్టిగా ఉండటం, మాటా చదువూ వెనకబడటం. లెప్టిన్ లోపం, ఎంసీ4ఆర్ లోపం, ప్రాడర్-విల్లీ లాంటి అరుదైన జన్యు జబ్బులు అలా బయటపడతాయి. వాటిని పిల్లల హార్మోన్ల డాక్టరు దగ్గరే తేల్చుకోవాలి, పోస్టులో వచ్చే పుల్లతో కాదు. మీరు రాసిన దాంట్లో వాటిలో ఏదీ లేదు.

23 శాతం అంటే జపాన్ స్కూళ్ల లెక్కలో తేలికపాటి ఊబకాయం. 20 నుంచి 30 దాకా ఆ గడి. వీడికి బరువు తగ్గించాల్సిన అవసరం లేదు, ఉన్నచోట నిలబెడితే చాలు. ఏడాదిలో ఐదు సెంటీమీటర్లు పెరిగి, బరువు 36 దగ్గరే ఉందనుకోండి, ఆ 23 కాస్తా పదీ పదకొండుకి దిగుతుంది. ఒక కిలో పెరిగినా ఇరవై లోపే ఉంటుంది. ఎదిగే పిల్లాడికి ఎత్తే సగం వైద్యం. అందుకని వాడికి డైటింగులూ, అన్నం మాన్పించడాలూ పెట్టకండి.

మధ్యాహ్నం భోజనం గురించి మీకు బెంగ అక్కర్లేదు. ఈ వయసు పిల్లలకి స్కూల్లో 650 కేలరీల లెక్కన కొలిచి వండుతారు, పాలతో సహా. లెక్క తప్పేది సాయంత్రం నాలుగుకీ రాత్రి తొమ్మిదికీ మధ్య. జుకుకి (ట్యూషన్‌కి) వెళ్లే ముందు కొంబినీలో (వీధి దుకాణంలో) కొనుక్కునే మెలన్ బన్ను అనే తీపి రొట్టె, వెండింగ్ మెషీన్‌లో జ్యూసు, ఇంటికొచ్చాక మీరు ప్రేమగా పెట్టే రెండో అన్నం. వారం రోజులు ఏమీ మార్చకుండా అవి మాత్రం రాసి చూడండి. మొదట తీసేయాల్సింది జ్యూసే. పప్పన్నం నెయ్యి జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. కంచంలో కాకుండా వాళ్ల చిన్న అన్నం గిన్నెలో పెట్టండి, మారు అడిగితే కూరా పప్పూ వేయండి. నిద్ర తొమ్మిది గంటలు పడుతోందో లేదో చూడండి. జుకు వల్ల పడకపోతే ఆ సంగతి కూడా ఆలోచించాల్సిందే. స్కూల్లో పోషకాహారం చెప్పే టీచరు ఉంటే ఒకసారి కలవండి, నాకంటే ఆవిడకి మీ వీధి దుకాణాలు బాగా తెలుసు.

ఇక మీ వారు. చెకప్ తర్వాత నర్సో డైటీషియనో మాట్లాడతామని పిలిచే ఉత్తరం ఒకటి వస్తుంది. చాలామంది దాన్ని చెత్తబుట్టలో వేస్తారు. మీరు తీసి ఫ్రిజ్ మీద అంటించండి. ఆయనకో మాట చెప్పండి: ఎఫ్‌టీఓ మార్పున్న వాళ్లలో కూడా, ఒళ్లు కదిలించే వాళ్లకి ఆ జన్యువు తెచ్చే ఊబకాయం ముప్పు పావు వంతుకి పైగా తగ్గుతుందని రెండు లక్షల మందికి పైగా లెక్కలు కలిపి 2011లో చూపించారు. జన్యువు ఉంటే నడక ఎక్కువ అక్కరకొస్తుందన్నమాట. ఇంటికి ఒక స్టేషన్ ముందే దిగి నడవమనండి, బాబుని ఆదివారం వెంట తీసుకెళ్లమనండి. బీరూ దాంతో వచ్చే వేపుళ్ల సంగతి మీరు రాయలేదు, నేను అడగడం లేదు. లోపలి కొవ్వుకి ఒక మంచి గుణం ఉంది, ముందు వచ్చేది అదే, ముందు పోయేది కూడా అదే. రెండు మూడు కిలోలు తగ్గినా టేపులో కనిపిస్తుంది. నెలకోసారి పొద్దున, ఊపిరి వదిలాక, బొడ్డు దగ్గర కొలవండి. షుగర్ (హెచ్‌బీఏ1సీ), ట్రైగ్లిజరైడ్లు, కాలేయం పరీక్షల అంకెలు ఆ చెకప్ కాగితంలోనే ఉంటాయి. నడుముతో పాటు వాటిలో ఏది గీత దాటిందో చూసి నాకు రాయండి.

మీ అమ్మగారిని దిష్టి తియ్యనివ్వండి, దాంతో పోయేదేం లేదు. ‘బొద్దు’ అన్న మాట మాత్రం బాబు వింటుండగా అనొద్దని చెప్పండి. అలాగే ఆర్నెల్ల తర్వాత రాసేటప్పుడు వాడి బరువొక్కటే కాకుండా ఎత్తు కూడా రాయండి.